ముందెలా ఉండేదో చెప్పే మాటలు



ఏది బాగుపడిందో చూసుకుని దానికి తగిన మాట వాడటం తెలుగులో మనకు అలవాటు. గతుకుల రోడ్డును బాగుచేస్తారు. మొద్దుబారిన కత్తికి పదును పెడతారు. జ్వరం నయమవుతుంది, మనసు కుదుటపడుతుంది, తప్పిన లెక్కను సరిచేస్తాం, దురాచారాన్ని సంస్కరిస్తాం. అల్లరిచిల్లరగా తిరిగిన కుర్రాడు పెళ్లయ్యాక దారిలో పడతాడు. "కత్తి నయమైంది" అనో "జ్వరం దారిలో పడింది" అనో ఎవరైనా అంటే వింతగా చూస్తాం. ఈ తేడాలు మనకెవరూ బడిలో నేర్పలేదు. ఇంట్లో వింటూ వింటూ వచ్చేశాయి.

అదే మనం ఇంగ్లీషులో రాయడానికి కూర్చునేసరికి చేతిలో రెండే మాటలు మిగులుతాయి. ఒకటి ఇంప్రూవ్, రెండోది డెవలప్. రోడ్డుకైనా, జ్వరానికైనా, కొడుకు చదువుకైనా, వీధి దీపాలకైనా అవే. అవి మరీ మామూలుగా ఉన్నాయనిపిస్తే నిఘంటువు తీసి, పర్యాయపదాల వరసలో అన్నిటికంటే బరువుగా కనిపించినదాన్ని ఎత్తుకొస్తాం. ఎన్‌హాన్స్ అనో, అమీలియొరేట్ అనో రాస్తాం. వాక్యానికి హోదా వచ్చిందనుకుంటాం. చాలాసార్లు అర్థం పక్కకు జరిగేది సరిగ్గా అక్కడే.

ఈ మాటల మధ్య ఎంచుకోవడానికి నాకు పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది: అది ముందెలా ఉండేది? మెరుగుదలను చెప్పే ఇంగ్లీషు మాటలన్నీ ఇప్పటి సంగతి చెబుతున్నట్టే కనిపిస్తాయి గానీ, లోపల్లోపల పాత సంగతే చెబుతుంటాయి. ముందు బాగానే ఉండేదా? పాడైపోయిందా? ఒకప్పుడు బాగుండి మధ్యలో చెడిందా? ఏదైనా లోటుందా, లేక అక్కర్లేనిదేదో అంటుకుని ఉందా? మాట ఎంచుకున్నామంటే గతం మీద తీర్పు చెప్పేసినట్టే. మనం గమనించకపోయినా చదివేవాళ్లు గమనిస్తారు.

మొదట ఇంప్రూవ్. మరీ తెలిసిన మాట కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు. నార్మన్ల ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని లోపల దాగున్న అర్థం లాభం. తొలినాళ్లలో ఈ మాటకు చదువుతో, నడవడితో పెద్దగా పనిలేదు, పనంతా భూమితోనే. బీడును సాగులోకి తెచ్చి, కంచె వేసి, ఆదాయం పెంచుకోవడం ఇంప్రూవ్ చేయడం. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఊరుమ్మడి భూములకు పార్లమెంటు చట్టాల అండతో వరసగా కంచెలు పడ్డాయి. భూస్వాములు దాన్ని ఇంప్రూవ్‌మెంట్ అన్నారు. అప్పటిదాకా ఆ బయళ్లలో ఆవును మేపుకుని, పుల్లలు ఏరుకుని బతికినవాళ్లు దాన్ని అలా పిలిచి ఉండరు.

ఆ కాలంలోనే పెద్ద పెద్ద ఎస్టేట్ల తోటలను తీర్చిదిద్దడం ఒక వృత్తి అయింది. అందులో పేరు మోసినవాడు లాన్స్‌లాట్ బ్రౌన్. ఏ దొర ఎస్టేటు చూసినా, బాగుచేయడానికి దీనికి మంచి కేపబిలిటీ ఉందని చెప్పేవాడట. దాంతో కేపబిలిటీ బ్రౌన్ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయన తర్వాత హంఫ్రీ రెప్టన్ వచ్చాడు. ఈ రెప్టన్ పేరు జేన్ ఆస్టిన్ నవలలోకి కూడా ఎక్కింది. 1814లో వచ్చిన మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లో రష్‌వర్త్ అనే డబ్బున్న, బుర్ర తక్కువైన పెద్దమనిషి తన ఎస్టేటును ఇంప్రూవ్ చేయించాలని తెగ ఉబలాటపడతాడు. రెప్టన్‌ని పిలిపిద్దామంటాడు, రోజుకు ఐదు గినీలట అని లెక్క కూడా చెబుతాడు. ఆ పనిలో భాగంగా పాత చెట్ల బాట నరికించేస్తారేమోనని తెలిసి, ఫానీ ప్రైస్ అనే పేదింటి అమ్మాయి మనసు చివుక్కుమంటుంది. ఆస్టిన్ ఈ మాటను పైకి మర్యాదగా, లోపల నవ్వుకుంటూ వాడింది. బాగుచేస్తానని గొడ్డలి పట్టుకొచ్చేవాళ్లను ఆమె బాగా ఎరుగును.

భూమితో ఈ మాటకున్న చుట్టరికం మన దాకా కూడా వచ్చింది. 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకుంది. ఆ దెబ్బతో 1898లో అక్కడ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. ఆ వరద తర్వాతే 1912లో హైదరాబాదులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, పత్తర్‌గట్టీలో ఇప్పటికీ మనం చూసే రాతి దుకాణాల వరసను నిలబెట్టింది ఆ బోర్డే. ఇక ఈ రోజుల్లో ఇంటి స్థలం కొని అనుమతుల కోసం తిరిగినవారికి బెటర్‌మెంట్ చార్జీలంటే తెలియకపోదు. రోడ్డూ కాలువా వచ్చి నీ స్థలం విలువ పెరుగుతుంది గనక ఆ పెరుగుదలలో వాటా కట్టు అనడమే ఆ చార్జీ సారాంశం. బ్రిటిష్ పట్టణ ప్రణాళికల నుంచి దిగుమతి అయిన ఆలోచన అది. లాభం అన్న పాత అర్థం అక్కడింకా బతికే ఉంది. ఇంటర్ పిల్లలు పాసైన సబ్జెక్టు మళ్లీ రాస్తూ, కొందరు ఇంప్రూవ్‌మెంట్ అంటారు, కొందరు బెటర్‌మెంట్ అంటారు. పెరగాల్సింది చదువైనా, చూసుకునేది మార్కులే కాబట్టి, అక్కడా లాభమే!

ఇప్పుడు వాడుక సంగతి. ఇంప్రూవ్‌కి గతం మీద పెద్ద పట్టింపు లేదు. ముందు బాగున్నా సరే, బాగా లేకపోయినా సరే, ఇంకా బాగుండే వీలుంటే చాలు. అందుకే ఏ మాట వాడాలో తోచనప్పుడు దీన్ని వాడితే చాలావరకు ప్రమాదం ఉండదు. ఒక్క షరతు మాత్రం ఉంది. మనం ఇంప్రూవ్ చేసేది మనకు కావాల్సిన వస్తువై ఉండాలి. రాతను చేయవచ్చు, రోడ్డును చేయవచ్చు, పరిస్థితిని చేయవచ్చు. సమస్యను ఇంప్రూవ్ చేస్తామని, కాలుష్యాన్ని ఇంప్రూవ్ చేస్తామని, తప్పుల్ని ఇంప్రూవ్ చేసుకున్నామని రాస్తే మాత్రం వాటిని ఇంకా పెంచి పోషిస్తామని చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. సమస్యకు సాల్వ్, కాలుష్యానికి రెడ్యూస్, తప్పుకు కరెక్ట్. అక్కర్లేనిదాన్ని మనం మెరుగుపరచం, తగ్గిస్తాం, లేదా వదిలించుకుంటాం. మన పరీక్షా పేపర్లలో ఎక్కువగా కనబడే పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. నిజానికి అది వ్యాకరణం తప్పు కూడా కాదు, వాక్యం నిక్షేపంగా నిలబడుతుంది. అందుకే దిద్దేవాళ్ల కంటపడకుండా తప్పించుకుంటుంది.

ఎన్‌హాన్స్ అలా కాదు. దాని మూలంలో ఎత్తు అన్న అర్థం ఉంది. ఉన్నదాన్ని పైకెత్తడం, మరింత చేయడం. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది ఇనుమడించడం. నగ అందాన్ని ఇనుమడింపజేస్తుంది అంటాం కదా, అక్కడ ఎన్‌హాన్స్ కుదురుతుంది. అంటే ముందే అందం ఉండాలి. ఉప్పు కూర రుచిని ఎన్‌హాన్స్ చేస్తుంది, మాడిన కూరను మాత్రం చేయలేదు. పొరుగూరి సభలో, మా ఊరి డ్రైనేజీని ఎన్‌హాన్స్ చేశామని ఇంగ్లీషులో చెప్పుకుంటే, డ్రైనేజీకి ఏదో శోభ చేకూర్చినట్టు వినబడుతుంది. ఆఫీసుల్లో మాత్రం ఈ మాటకు మంచి మర్యాద ఉంది. పైఅధికారి రాసిన నోటు చూసి దీన్ని కరెక్ట్ చేయాలి అంటే తప్పులున్నాయన్నట్టు. ఇంప్రూవ్ చేయవచ్చు అంటే, పరవాలేదు గానీ ఇంకాస్త బాగుండాలన్నట్టు. ఎన్‌హాన్స్ చేయవచ్చు అంటే ఇప్పటికే బ్రహ్మాండంగా ఉందన్నట్టు. కొలువులో నెగ్గుకొచ్చేవాళ్లు ఈ మూడింటి తేడా నిఘంటువు చూడకుండానే కనిపెట్టేస్తారు.

కోర్టులో ఈ మాట ఇంకో తీరుగా పలుకుతుంది. భూసేకరణలో పొలం పోయిన రైతు, ఇచ్చిన పరిహారం చాలదని, 2013 దాకా అమల్లో ఉన్న 1894 నాటి చట్టం 18వ సెక్షన్ కింద కోర్టుకు వెళితే, ఆయన అడిగింది ఎన్‌హాన్స్‌మెంట్. అది ఆయనకు మంచిదే. అదే కోర్టులో పక్క గదిలో ముద్దాయికి శిక్షను ఎన్‌హాన్స్ చేస్తారు. రెండేళ్ల జైలు ఐదేళ్లవుతుంది. ఎత్తు పెరగడమే ఈ మాట చెప్పేది. ఆ ఎత్తు ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్న పూచీ దానికి లేదు.

అమీలియొరేట్ దీనికి ఎదురు కొసలో ఉంటుంది. దీనిలో దాగిన లాటిన్ మాటకు అర్థం మెరుగైన అనే. కానీ వాడుకలో ఇది కష్టంలో ఉన్నచోటికే వస్తుంది. శరణార్థి శిబిరాల్లో బతుకు పరిస్థితులు, గనికార్మికుల వసతులు, జైళ్లలో గాలీ వెలుతురూ. ముందు దుర్భరంగా ఉంటేనే దీనికి పని. మా కాలేజీ ప్రమాణాలను అమీలియొరేట్ చేశాం అని వార్షిక నివేదికలో రాస్తే, నిన్నటిదాకా ఆ కాలేజీ భరించలేనట్టుగా ఉండేదని యాజమాన్యమే ఒప్పుకున్నట్టు. మామూలు మాటల్లో రాసేవారికి దీని అవసరం ఏడాదికొకసారి కూడా రాదు.

జబ్బు దగ్గరికొస్తే తెలుగు మనల్ని తికమక పెడుతుంది. మన నయం రెండు పనులు చేస్తుంది. నిన్నటికంటే ఇవాళ నయం అంటే ఇంకా జబ్బు ఉందనే. జబ్బు నయమైంది అంటే పోయిందనే. ఆసుపత్రి బయట నిలబడి ఫోన్లో నయమేనండీ అంటే, అవతలివాళ్లు గొంతును బట్టి ఏది అన్నారో పోల్చుకుంటారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ గొంతు ఉండదు కాబట్టి విడగొట్టి చెప్పాలి. బెటర్ అంటే తగ్గుముఖం. ఇంప్రూవింగ్ అంటే అదే, కాస్త డాక్టరు భాషలో. రికవర్డ్ అంటే పోగొట్టుకున్న ఆరోగ్యం తిరిగి వచ్చింది. క్యూర్డ్ అంటే రోగమే లేకుండా పోయింది. ఆ మాట అనడానికి డాక్టర్లు వెనకాడతారు. బీపీకి, షుగరుకు వాళ్లు కంట్రోల్ అంటారు గానీ క్యూర్ అనరు. హీల్ అయ్యేది గాయం, విరిగిన ఎముక, మనసు. పేషెంటు రికవర్ అవుతాడు, రోగం రికవర్ కాదు. సెలవు చీటీలో నా జ్వరం రికవర్ అయింది అని రాస్తే, బలహీనపడిన జ్వరం మళ్లీ పుంజుకుందని అర్థం చెప్పుకోవచ్చు. ఆఫీసువాళ్లు ఇంకో వారం సెలవివ్వాలి.

తర్వాత రెండు మాటలున్నాయి, రేడియోలో చెప్పడానికి ఇబ్బందిగా ఉండేవి. చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఒకటి 'ఎ' అక్షరంతో మొదలయ్యే అమెండ్. ఇంకొకటి 'ఇ' అక్షరంతో మొదలయ్యే ఎమెండ్. రెండూ ఒకే లాటిన్ మాటకు పిల్లలు. దాని అర్థం, లోపాన్ని బయటకు తీసేయడం. బట్టకు చిరుగు కుట్టడాన్ని చెప్పే మెండ్ కూడా వీటి తమ్ముడే, అమెండ్‌లో మొదటి అక్షరం రాలిపోగా మిగిలినది. ఒకే ఇంట్లో పుట్టిన ముగ్గురూ మూడు వృత్తుల్లో స్థిరపడ్డారు. మెండ్ చేసేది కుట్టుమిషను దగ్గర, చెప్పులు కుట్టేచోట. అమెండ్ చేసేది చట్టసభల్లో. ఎమెండ్ చేసేది పండితుడు, పాత గ్రంథంలో చెడిన పాఠాన్ని.

అమెండ్ అంటే లోపం తీయడమని పుట్టుకలో ఉన్నా, చట్టసభలో దానికి ఆ హామీ లేదు. అక్కడ దాని అర్థం మార్చడం, అంతవరకే. ఎమర్జెన్సీలో 1976లో వచ్చిన 42వ సవరణ మన రాజ్యాంగాన్ని ఎంతో మార్చింది. ఆ మార్పుల్లో చాలావాటిని 1978లో 44వ సవరణ వెనక్కి తిప్పింది. రెంటినీ అమెండ్‌మెంట్ అనే అంటాం. రెండూ మెరుగుదలే కావడానికి వీల్లేదు కదా. అమెరికావాళ్లు 1919లో 18వ సవరణతో మద్యాన్ని నిషేధించి, 1933లో 21వ సవరణతో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. వాళ్ల పద్ధతిలో సవరణలన్నీ చివర వరసగా చేరతాయి, కాబట్టి రద్దయిన 18వది కూడా ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉంటుంది. మనం సవరణను అసలు పాఠంలోనే కలిపేస్తాం. కొత్తగా చదివేవాళ్లకు అతుకు కనబడదు.

ఎమెండ్‌కి మన దగ్గర మంచి ఉదాహరణ సి.పి. బ్రౌన్. ఇందాకటి తోటల బ్రౌన్‌తో ఈయనకు పేరులో తప్ప సంబంధం లేదు. ఈ బ్రౌన్ తెలుగు తాళపత్రాలను, కాగితపు ప్రతులను పోగుచేయించి, కడపలో పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోల్చి చూపించాడు. లేఖకుడి చేతి తప్పేది, కవి మాటేది అని తేల్చడం ఆ పని. వేమన పద్యాలు ఆయన పూనికతో 1829లో అచ్చయ్యాయి. మనం పరిష్కరణ అంటామే, అదే ఎమెండేషన్. పరిష్కర్త కవిత్వాన్ని ఇంప్రూవ్ చేయకూడదు. చేస్తే ఉద్యోగ ధర్మం తప్పినట్టే. పోయిన అక్షరాన్ని తిరిగి దాని చోట పెట్టాలి, అంతకంటే మంచి అక్షరం తనకు తోచినా సరే. గుళ్ల విషయంలో రెస్టోర్, రెనొవేట్ అన్న మాటల మధ్యా ఇదే గొడవ. రెస్టోర్ అంటే పూర్వపు స్థితికి తేవడం, రెనొవేట్ అంటే కొత్తగా చేయడం. 1213 నాటి రామప్ప గుడికి కావలసింది మొదటిది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. శిల్పాల మీద సున్నం కొట్టి, నేలకు గ్రానైటు పలకలు పరిచి జీర్ణోద్ధరణ చేశామనుకునే ఊళ్లు మనకు కొదవలేదు. అక్కడ జరిగింది రెండోది.

ఇప్పుడు బియ్యం దగ్గరికొద్దాం. ఈ మాటల తేడా నాకు బియ్యంలో కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడలేదు. రిఫైన్, ఎన్‌రిచ్, ఫోర్టిఫై. మూడూ మెరుగుదలకే వాడతారు. రిఫైన్ అంటే తీసేసి బాగుచేయడం. నూనెలోంచి మడ్డి, వాసన, పంచదారలోంచి మొలాసిస్, మనిషి మాటలోంచి మొరటుతనం. ఎన్‌రిచ్ అంటే చేర్చి బాగుచేయడం. ఒకదానికి గతంలో మలినం ఉండాలి, ఇంకోదానికి గతంలో కొరత ఉండాలి.

దంపుడు బియ్యం తిన్నన్నాళ్లూ తవుడు పొర కొంత గింజను అంటుకునే ఉండేది. మర వచ్చాక పాలిష్ పట్టడం మొదలైంది. బియ్యం మల్లెపూవులా తెల్లబడింది. పెళ్లి విందుకు అదే కావాలి, అల్లుడికి అదే పెట్టాలి. ఇది రిఫైన్ చేయడమే, అందరూ మెరుగుదలే అనుకున్నారు. తవుడుతో పాటు బి1 విటమిను వెళ్లిపోయిందని ఎవరికీ తెలియదు. కాళ్లు తిమ్మిరెక్కి, గుండె బలహీనమయ్యే బెరిబెరి ఆసియాలో తెల్లబియ్యం తినేచోట్ల పెరిగింది, మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ వైద్యులు దాన్ని చూశారు. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు అలాంటి జబ్బే రావడం, తవుడున్న బియ్యం పెడితే తిరిగి లేవడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

పోయింది ఫలానాదని తెలిశాక, దాన్ని మళ్లీ కలపడం మొదలుపెట్టారు. ఆహార పరిశ్రమ వాడుకలో, మర పట్టడంలో పోయిన పోషకాలను తిరిగి చేర్చితే అది ఎన్‌రిచ్ చేయడం. అందులో అసలు లేనిదాన్ని, లేదా ఉన్నా నామమాత్రంగా ఉన్నదాన్ని చేర్చితే ఫోర్టిఫై చేయడం. ఫోర్ట్ అంటే కోట, కాబట్టి ఇది బలగం పెంచడం. కొన్నేళ్ల కిందట మన రేషన్ షాపుల్లోకి ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చినప్పుడు పెద్ద గొడవే జరిగింది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, గింజల ఆకారంలో తీసి, వంద గింజల బియ్యానికి ఒక గింజ చొప్పున కలుపుతారు. ఆ ఒక్క గింజ రంగులోనూ తీరులోనూ తేడాగా ఉంటుంది. కడిగేటప్పుడు చూసినవాళ్లు ప్లాస్టిక్ బియ్యం ఇస్తున్నారని ఊరంతా చాటారు. సంచీ మీద ఫోర్టిఫైడ్ అని రాసి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి చూపింది 1940ల్లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమని ఆ సంచీ మీద రాసి ఉంటే, గోదావరి జిల్లాల్లోనైనా అనుమానం కాస్త తగ్గేదేమో! ముందు రిఫైన్ చేసి తీసేశాం, తర్వాత ఎన్‌రిచ్, ఫోర్టిఫై అంటూ చేర్చుకుంటున్నాం. ప్రతి దశకూ అప్పటి జనం పెట్టుకున్నది మెరుగుదలను చెప్పే పేరే.

డెవలప్ గురించి కొంచెం నిష్ఠూరంగా మాట్లాడక తప్పదు. వాడు బాగా డెవలప్ అయ్యాడు అంటే మన ఊళ్లలో డబ్బు సంపాదించాడని. ఏరియా డెవలప్ అయింది అంటే గజం ధర పెరిగిందని. పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం అంటే, ఆ ఇల్లు కూలగొట్టి బిల్డరు అపార్టుమెంటు కడతాడని. ఇవన్నీ మన వాడుకలో స్థిరపడిన అర్థాలు, వాటిమీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఇంగ్లీషు వాక్యంలో ఈ మాటకు మంచీచెడూ తెలియదు. మూట విప్పడం దాని పాత అర్థం. లోపలున్నది బయటికి రావడమే అది చెబుతుంది. గోడ పగుళ్లను డెవలప్ చేస్తుంది, మనిషి మధుమేహాన్ని డెవలప్ చేస్తాడు. నేను నా ఇంగ్లీషును డెవలప్ చేస్తున్నాను అని ఇంటర్వ్యూలో చెప్పేవాళ్లకు ఇంప్రూవ్ అన్నదే సరైన మాట. ఒకప్పుడు బాగా వచ్చి మధ్యలో వదిలేసిన ఇంగ్లీషయితే, బ్రష్ అప్.

అప్‌గ్రేడ్‌కి మెట్లు కావాలి. ఆరోగ్య కేంద్రాన్ని 30 పడకల ఆసుపత్రి చేస్తే అది అప్‌గ్రేడ్. కింది మెట్టూ పై మెట్టూ కాగితం మీద ఉన్నాయి కాబట్టి. భాషా పండితుల పోస్టుల అప్‌గ్రెడేషన్ కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేసిన ఉపాధ్యాయులకు ఈ మాట గురించి నేను చెప్పేదేం లేదు. ఇంగ్లండులో నామవాచకంగానూ అప్‌గ్రేడ్ అనే అంటారు, అప్‌గ్రెడేషన్ ఎక్కువగా మన దేశపు వాడుక. తప్పని కొట్టేయాల్సిన పనిలేదు, విదేశీ పత్రికకు రాసేటప్పుడు మాత్రం గుర్తుంచుకోవాలి. అప్‌డేట్ వేరు. అది తేదీని ముందుకు జరుపుతుంది, గుణాన్ని పట్టించుకోదు. ఫోను అప్‌డేట్ చేసుకున్నాక బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోయిందని గొణుక్కున్నవాళ్లందరికీ ఆ తేడా తెలుసు.

రిఫార్మ్ అన్నింటికంటే తీర్పరి మాట. వంకరపోయినదాన్ని తిరిగి రూపానికి తేవడం దాని అర్థం. వంకర ఉందని ముందే నిశ్చయించుకుని బయలుదేరుతుంది. మా అబ్బాయి రిఫార్మ్ అయ్యాడు అని ఏ తల్లీ ఇంగ్లీషులో అనకూడదు, జైలు నుంచి వచ్చాడేమో అనుకుంటారు. వ్యవస్థల విషయంలో, ఏది వంకర అన్నదే తగాదా. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయనకూ అనుచరులకూ అది సంస్కరణ. ఊళ్లో పెద్దలకు అది భ్రష్టాచారం. తర్వాతి కాలం వీరేశలింగం వైపు తీర్పు చెప్పింది కాబట్టి మనమూ సంస్కరణ అంటున్నాం. అన్నిసార్లూ అలా జరగదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టం పేరులోనే విద్యుత్ సంస్కరణలు అని ఉంది. చార్జీలు పెరిగాక 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజు రోడ్డు మీదున్నవాళ్లలో ఎవరూ ఆ మార్పులను సంస్కరణలనలేదు. ప్రభుత్వం ఏ పార్టీదైనా, రిఫార్మ్ అన్న మాట కాగితం మీద కనబడగానే ఏది వంకరగా ఉండేదంటున్నారో అడగడం పౌరులకు మంచి అలవాటు.

వెంట నడిచే చిన్న మాటలను కూడా కాస్త చూసుకోవాలి. ఆరోగ్యంలో మెరుగుదల అనేటప్పుడు ఇంప్రూవ్‌మెంట్ తర్వాత ఇన్ వస్తుంది. పోయినేడాది పంటకంటే ఈ ఏడాది మెరుగు అనేటప్పుడు ఆన్ వస్తుంది, అక్కడ పాతదానితో పోలిక ఉంది కాబట్టి. ప్రోగ్రెస్‌ను ఒకటి రెండని లెక్కపెట్టరు. దాని ముందు ఒక అన్న అర్థం వచ్చే 'ఎ' పెట్టకూడదు. ప్రోగ్రెస్ కార్డులో ప్రోగ్రెస్ ఉన్నా లేకపోయినా ఆ నియమం మారదు.

ఇక చివరిది ఈ కుటుంబానికి చెందిన మాటే కాదు, అయినా మన దగ్గర దర్జాగా దూరిపోయింది. ఐ వాంట్ టు ఇంప్రొవైజ్ మై కమ్యూనికేషన్ స్కిల్స్. ఉద్యోగ దరఖాస్తుల్లో, ఇంటర్వ్యూల్లో, పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవారి ఉపన్యాసాల్లో వింటూనే ఉంటాం. ఇంప్రూవ్ కంటే పొడుగ్గా ఉంది కాబట్టి ఇంకా గొప్పది అనుకుని పుట్టిన వాడుక కావచ్చు. ఇంప్రొవైజ్ ఇటాలియన్ దారిలో వచ్చింది. ముందుగా చూడనిది అని దాని మూలార్థం. సిద్ధపడకుండా, అప్పటికప్పుడు, చేతిలో ఉన్నదానితో నెట్టుకురావడం. ట్రాక్టరు ఇంజన్‌తో మోటారు తిప్పిన రైతు ఇంప్రొవైజ్ చేశాడు. పాఠం తయారుకాకుండా క్లాసుకెళ్లి గంటసేపు ఏదో ఒకటి చెప్పొచ్చిన మాస్టారూ ఇంప్రొవైజ్ చేశారు. నా కమ్యూనికేషన్ స్కిల్స్‌ని ఇంప్రొవైజ్ చేయాలనుకుంటున్నాను అంటే, ఏదో అప్పటికప్పుడు అల్లేస్తానని ముందే చెప్పినట్టు.

కానీ ఆ మాటను చిన్నచూపు చూడకూడదు. ఇంప్రొవైజ్ చేయడాన్ని ఒక శాస్త్రం చేసి, సభ పెట్టి చూసిన జాతి మనది. తిరుపతి వెంకట కవులు ఊరూరా తిరిగి, అడిగినదానికి అప్పటికప్పుడు పద్యం చెబుతూ చేసిన అవధానాలు అవే. సమస్య ఇచ్చేవారు ఒకరు, పద్యంలో ఇమడ్చాల్సిన మాటలు, అంటే దత్తపది, ఇచ్చేవారు ఒకరు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసి నవ్వించి దారి తప్పించేవారు ఇంకొకరు. అవధాని ఇంటికి వెళ్లాక, ఆ పద్యాలు అచ్చుకిచ్చే ముందు, నచ్చని మాట ఒకటి మార్చుకుంటే దాన్ని రివైజ్ అనవచ్చు, బాగుంటే ఇంప్రూవ్ అనీ అనవచ్చు. సభలో మాత్రం ఆ వీలు లేదు. తను వేయబోయే అక్షరాన్ని నిషేధాక్షరి పృచ్ఛకుడు అప్పటికే కాదనేశాడు.